ఎర్రనీళ్లు రాకముందే: సైట్ సాఫ్ట్‌వేర్‌కి ఏపీఐ టూల్ పెట్టుకునేవాళ్లకు జాగ్రత్తలు

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ వరసలో కోనసీమ లంకల్లో పనులు ఆగుతాయి, కరెంటు పోతుంది, ఫోన్ సిగ్నల్ ఉండీ లేనట్టుంటుంది. నిర్మాణ సైట్ల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌ని స్టోర్ లెక్కలతోనో ట్యాలీతోనో కలిపే ఏపీఐ టూల్‌ని (ఏపీఐ అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో డేటా ఇచ్చిపుచ్చుకునే దారి) మాత్రం చాలామంది వేసవిలో, రాజమండ్రి ఆఫీసులో, మంచి వైఫై మీద చూసి బాగుందనేస్తారు. ఆ పరీక్ష లెక్కలోకి రాదు. దాన్ని చూడాల్సింది సిగ్నల్ ఒక గీత వచ్చిపోయే చోట, అదీ జూన్ దాటకముందే.

మొదట చూడాల్సింది డబుల్ ఎంట్రీ. సూపర్‌వైజర్ ఫోన్‌లో ‘ఇసుక 3 యూనిట్లు దిగింది’ అని నొక్కుతాడు. అది సర్వర్‌కి చేరి నమోదైపోయింది. కానీ చేరిందన్న జవాబు వెనక్కి వచ్చేలోపు నెట్ పోయింది. పని అయిందో లేదో టూల్‌కి తెలీదు కాబట్టి మళ్లీ పంపుతుంది. పోస్ట్ రిక్వెస్ట్ (సర్వర్‌ని కొత్త ఎంట్రీ వేయమని అడిగేది) అయితే రెండుసార్లు పంపినందుకు మామూలుగా రెండు ఎంట్రీలు పడతాయి. పుట్ (ఫలానా ఎంట్రీలో ఇదే ఉంచమని అడిగేది) అయితే ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే ఉండాలి. కొత్త ఎంట్రీలు ఎక్కువగా పోస్ట్‌తోనే వెళ్తాయి కాబట్టి, ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక ప్రత్యేక నంబరు పడాలి, అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ పక్కన పెట్టాలి. ‘మా టూల్ ఆటోమేటిక్‌గా రీట్రై చేస్తుందండీ’ అని అమ్మేవాళ్లు చెబితే సంబరపడకండి. డూప్లికేట్‌ని దేన్నిబట్టి గుర్తుపడుతుందో చెప్పించండి. తర్వాత శాండ్‌బాక్స్‌లో, అంటే అసలు లెక్కలు పాడవకుండా ప్రయత్నించే చోట, ఎంట్రీ పంపిన వెంటనే ఫ్లైట్ మోడ్ వేసి కాసేపాగి తీయండి. తప్పు ఒకసారికి దొరకదు, నాలుగైదు సార్లు చేయాలి. 3 యూనిట్లు 6 అయ్యాయంటే బేరం అక్కడే ఆపేయండి.

యూనిట్ అన్నాం కదా, అదీ చూసుకోవాలి. మన దగ్గర ఇసుక యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, సుమారు 2.83 ఘనపు మీటర్లు. సాఫ్ట్‌వేర్‌లో ‘క్వాంటిటీ’ గడి ఏ కొలతలో ఉందో డాక్యుమెంట్‌లో రాసి లేకపోతే 3 అన్న అంకెను అది 3 ఘనపు మీటర్లుగా తీసుకోవచ్చు. ఎర్రర్ ఏమీ రాదు, నెలాఖరులో స్టాకు మాత్రం కుదరదు.

తేదీల గొడవ ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఏపీఐలు సమయాన్ని ఎక్కువగా యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ఉమ్మడి సమయంలో, ఇస్తాయి. మన టైముకి అది ఐదున్నర గంటలు వెనక. మధ్యాహ్నం వాన పడుతుందేమోనని తెల్లవారుజామున 5 గంటలకే స్లాబ్ మొదలుపెట్టారనుకోండి, యూటీసీలో అది ముందురోజు రాత్రి 11:30. టూల్ టైము వదిలేసి తేదీ మాత్రమే కత్తిరించుకుంటే, పోత ఒకరోజు ముందే పడినట్టు రికార్డవుతుంది. 28 రోజుల క్యూబ్ టెస్ట్‌కి (కాంక్రీటు దిమ్మలను మిషన్‌లో నొక్కి బలం చూసే పరీక్షకి) గుర్తుచేసేది ఆ రికార్డే అయితే, క్యూబ్‌లు 27వ రోజునే మిషన్ కిందకు వెళ్తాయి. శాండ్‌బాక్స్‌లో ఉదయం 5 గంటల ఎంట్రీ ఒకటి వేసి ఏ తేదీ పడిందో చూడటానికి రెండు నిమిషాలు చాలు. అలాగే 05/06 అని ఉంటే జూన్ 5వ తేదీయా, మే 6వ తేదీయా? మీ డాక్యుమెంట్‌లో 2025-06-05 పద్ధతే వాడండి.

నెట్ తిరిగొచ్చిన రోజు మరో పరీక్ష. 2022 జూలైలోలా వరద రోజుల తరబడి నిలిస్తే, అన్ని సైట్ల ఫోన్లూ దాచుకున్న ఎంట్రీలన్నీ ఒక్కసారే పంపుతాయి. ప్రోకోర్ లాంటి నిర్మాణ పనుల సాఫ్ట్‌వేర్‌లలో ఇంత సమయానికి ఇన్ని రిక్వెస్టులే అన్న పరిమితి ఉంటుంది. దాటితే సర్వర్ 429 అని, అంటే రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయని, జవాబిస్తుంది. మంచి టూల్ అయితే సర్వర్ చెప్పినంతసేపు ఆగి, మెల్లగా మిగతావి పంపుతుంది. నాసిరకంది వాటిని చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. ఫెయిలైన ఎంట్రీల లిస్టు ఎక్కడ కనిపిస్తుందో ముందే చూసుకోండి. లిస్టే లేదంటే ఆ టూల్ వద్దు.

టోకెన్ల (టూల్‌ని లోపలికి రానిచ్చే తాళంచెవుల్లాంటివి) సంగతి మీ ఐటీ కుర్రాడికి తెలిసే ఉంటుంది. ఒక్కటి మాత్రం: కనెక్షన్‌ని ఏ ఇంజినీరు సొంత లాగిన్ మీదా పెట్టొద్దు, అతను ఉద్యోగం మానేసిన రోజున సింక్ (రెండు సాఫ్ట్‌వేర్‌ల లెక్కలు కలవడం) ఆగిపోతుంది.

ఇక డాక్యుమెంటేషన్. అమ్మినవాళ్లు ఇచ్చిన పీడీఎఫ్‌ని ఫోల్డర్‌లో పడేస్తే అది మీ డాక్యుమెంట్ అయిపోదు. డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆటోడెస్క్ వాళ్ల ఏపీఐల వేదిక ఆటోడెస్క్ ఫోర్జ్ 2022లో ఆటోడెస్క్ ప్లాట్‌ఫామ్ సర్వీసెస్‌గా పేరు మార్చుకుంది, పాత పేరుతో రాసిన సూచనలు నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మీది మీరే రాసుకోండి: ఏ గడి ఏ కాలమ్‌లోకి వెళ్తుంది, ఏ కొలత, సరిగ్గా వచ్చిన జవాబు నమూనా ఒకటి, ఫెయిలైనప్పటి జవాబు నమూనా ఒకటి, చివరిసారి ఎప్పుడు సరిచూశారు. ఫెయిలైనదే ముఖ్యం, రాత్రి పదింటికి ఫోన్ చేసే జూనియర్ స్క్రీన్ మీద కనిపించేది అదే. నమూనాల్లో పాస్‌వర్డులు, కీలు తీసేయండి. ఒక ప్రింటు కూడా తీసి సైట్ ఆఫీసులో పెట్టండి. కరెంటు లేనప్పుడు పీడీఎఫ్ తెరుచుకోదు.

రెండో హెచ్చరిక వచ్చిందంటే సింక్ ఎవరు ఆపాలి, మళ్లీ ఎవరు మొదలుపెట్టాలి అన్నది ఒక్క మనిషికే అప్పగించండి. ఆపేముందు డేటా మొత్తం ఎక్సెల్‌లోకి దించుకోవాలి. తిరిగి మొదలెట్టాక ఇసుక, సిమెంటు చలాన్లతో ఎంట్రీలు పోల్చి చూసేదాకా ఎవరికీ బిల్లు పాస్ చేయొద్దు. ఇప్పటికే జూన్ దగ్గరపడి, శాండ్‌బాక్స్ ఇవ్వడానికి అమ్మేవాళ్లు నసుగుతుంటే, ఈ వరదలకు రిజిస్టరు పుస్తకాలతోనే నడిపించి సంక్రాంతి తర్వాత మళ్లీ మాట్లాడండి.