మాటల మూట – 14వ పాఠం: డిమీనర్

ముందు పాత బాకీ తీర్చుకుందాం. గత పాఠంలో నడక తీరుకు గెయిట్ అనే మాట నేర్చుకుని ఒక ప్రశ్న దగ్గర ఆగాం: ఏనుగు నడకకూ గడియారం నడకకూ ఆ మాట సరిపోతుందా? ఏనుగుకు సరిపోతుంది, గడియారానికి కుదరదు. కాళ్లున్నవాటికే గెయిట్. తెలుగులో గడియారం, సంసారం, కోర్టు కేసు అన్నీ నడుస్తాయి. ఇంగ్లీషుకు అంత ఉదారత లేదు.

ఈసారి నడక ఒక్కటే కాదు, మనిషి మొత్తం. ఒకరు గదిలోకి వచ్చి, కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడేలోగా వారి ముఖం, చూపు, గొంతు, చేతుల కదలిక అన్నీ కలిసి ఎదుటివారికి ఎలా కనిపిస్తాయో, దానికి డిమీనర్ అని పేరు.

పలకడం దగ్గరే చాలామంది తడబడతారు. నేను ఈ మాటను ఏళ్ల తరబడి కళ్లతో చదివానే తప్ప నోటితో పలకలేదు. ఒక ఇంటర్వ్యూలో తొలిసారి పలకాల్సి వచ్చి ‘డెమనూర్’ అన్నాను. మా ఊరి పేరు చెబుతున్నాననుకున్నారో ఏమో, ఎదుట కూర్చున్న ముగ్గురూ మర్యాదగా ఊరుకున్నారు. సరైన పలుకు డి-మీ-నర్. ఊనిక ‘మీ’ మీద, అది బాగా సాగాలి. బ్రిటిష్ వారు చివరి రకారాన్ని మింగేస్తారు, అమెరికన్లు పలుకుతారు. రాతలో వరస ఇది: డి, ఈ, ఎమ్, ఈ, ఏ, ఎన్, ఓ, యూ, ఆర్. అమెరికన్లు ఆ యూ వదిలేస్తారు. మనం ఏదో ఒక పద్ధతి పట్టుకుంటే చాలు.

మరి తెలుగులో ఏమనాలి? ‘ప్రవర్తన’ అంటే నాకు సగమే తృప్తి. ‘వాలకం’ చాలా దగ్గరగా వస్తుంది, కానీ ఆ మాటలో ఎప్పుడూ కాస్త అనుమానం ఉంటుంది. ‘వాడి వాలకం చూస్తే అప్పు తీర్చేలా లేడు’ అంటాం గానీ, ‘డాక్టరుగారి వాలకం ప్రశాంతంగా ఉంది’ అనం. డిమీనర్‌కు ఆ పక్షపాతం లేదు. మంచో చెడో ముందు చేర్చే విశేషణమే చెబుతుంది: కామ్ డిమీనర్, చియర్‌ఫుల్ డిమీనర్, నర్వస్ డిమీనర్. ఒక మనిషికి ఒకటే కాబట్టి దీన్ని మామూలుగా ఏకవచనంలోనే వాడతారు.

పుట్టుక చూస్తే మాట మరింత ఇంటిదనిపిస్తుంది. పాత ఫ్రెంచిలో నడిపించడం అనే అర్థమున్న క్రియ నుంచి ఇది వచ్చింది. దానికి వెనుక లాటిన్ మినారే ఉంది. పశువులను అదిలించి తోలడం అని దాని అర్థం. మన ‘అదిలించు’లో బెదిరింపూ తోలడమూ రెండూ ఉన్నట్టే అక్కడా ఉన్నాయి. బెదిరింపు పాయలోంచి మెనస్ వచ్చింది, తోలే పాయలోంచి షికారు నడకకు ప్రామెనేడ్, చెప్పిన దారికి వచ్చేవారికి అమీనబుల్ వచ్చాయి. డిమీనర్ అంటే తనను తాను నడిపించుకునే తీరు. మనకు ‘నడుచు’లోంచి నడవడి పుట్టలేదూ, అలాగే.

ఇక్కడొక గొయ్యి ఉంది. డిమీన్ అనే క్రియ కనబడగానే దీని చుట్టమే అనుకుంటారు. నేటి వాడుకలో దాని అర్థం కించపరచడం. అది నీచం అనే అర్థమున్న ‘మీన్’ నుంచి వచ్చిన వేరే మాట. అసలైన చుట్టం మిస్‌డిమీనర్. అమెరికా చట్టాల్లో అది చిన్న తరహా నేరానికి పేరు, శిక్ష సాధారణంగా ఏడాది జైలుకు మించదు. అక్కడ చదువుకునే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట వినే ఉంటారు.

మన దేశంలో డిమీనర్ బరువు తెలియాలంటే కోర్టుకు వెళ్లాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 280వ సెక్షన్ పూర్తిగా దీని గురించే. సాక్షిని విచారిస్తున్నప్పుడు అతని డిమీనర్‌లో ముఖ్యమనిపించినది ఏదైనా ఉంటే న్యాయమూర్తి దాన్ని రాసిపెట్టాలి. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ ఏర్పాటు ఉంది. ఎందుకంత పట్టింపు? అప్పీలు విన్న న్యాయమూర్తి చేతిలో ఉండేది సాధారణంగా కాగితాలే. ‘ఆ రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను’ అన్న వాక్యం కాగితం మీద ఎవరు చెప్పినా ఒకేలా ఉంటుంది. చెప్పేముందు సాక్షి రెండుసార్లు గుటకలు మింగి, వెనుక బెంచీ వైపు ఎవరికోసమో చూశాడన్నది ఆ వాక్యంలో ఉండదు. అయితే చెమట పట్టిన ప్రతివాడూ అబద్ధికుడు కాడు. మొదటిసారి బోనెక్కిన పల్లెటూరి మనిషికి నిజం చెబుతున్నా గొంతు వణుకుతుంది. డిమీనర్ బయటికి కనిపించేదే తప్ప లోపలి సంగతికి రుజువు కాదు.

ఆ తేడా పట్టుకుంటే బిహేవియర్, ఆటిట్యూడ్ అనే రెండు మాటలతో కలిపేయరు. ఒక డాక్టరు రోజూ రెండు గంటలు ఆలస్యంగా వస్తాడు, అది బిహేవియర్. రోగులంటే అతనికి లోలోపల చిరాకు, అది ఆటిట్యూడ్. అయినా మంచం పక్కన నిలబడి చిరునవ్వుతో, మెల్లటి గొంతుతో ‘ఏం పరవాలేదు’ అంటాడు, అది డిమీనర్. ముగ్గురూ ఒకే మనిషిలో కాపురం ఉంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

అభ్యాసం. ఈ మూడు వాక్యాలకు పై మూడు మాటల్లో ఏది నప్పుతుందో రాసుకోండి:

పెళ్లిచూపుల్లో అబ్బాయి తల వంచుకుని, అడిగినదానికే తక్కువ గొంతుతో జవాబిచ్చాడు.

తిరిగి వెళ్తూ బస్సులో ఒక పెద్దావిడకు తన సీటు ఇచ్చాడు.

కట్నం అడగడంలో తప్పేమీ లేదని అతని నమ్మకం.

మొదటి వాక్యం దగ్గర కాస్త ఆగండి, అందులో రెండు మాటలకు చోటుంది. ఎందుకో వచ్చే పాఠం మొదట్లో చూద్దాం. ఆ తర్వాత దీని అక్క వరసైన మీన్ సంగతి. పలుకులో పైన చెప్పిన నీచపు ‘మీన్’తో కవలే, రాతలో మాత్రం మధ్యన ఐ, ఈ ఉంటాయి.