తేలిక ల్యాప్‌టాప్‌ను ఎలా తూచాలి: ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తిరిగే వాళ్ల కోసం

ఆఫీసు పనికని తయారయ్యే పల్చని ల్యాప్‌టాప్ పెట్టె మీద 1.2 కిలోలనో 1.3 కిలోలనో బరువు రాసి ఉంటుంది. ఆ అంకె అబద్ధం కాదు గాని, సంచిలో మోసే బరువు అదొక్కటే కాదు. ఒడిశాలోని రాయగడలో లెక్కల పని చేసుకుంటూ వారానికి మూడు రోజులు గుణుపురం, మునిగుడ, పార్వతీపురం తిరిగే నాకు ఈ సంగతి గుణుపురంలో ఒక చింతపండు వ్యాపారి కాటా దగ్గర తెలిసింది. కొత్త యంత్రం 1,280 గ్రాములు తూగింది. ఛార్జర్ 320, నెట్ కేబుల్‌కూ ప్రొజెక్టర్‌కూ కావలసిన డాంగిల్ 70, మౌస్ 90, విడిగా కొన్న నంబర్ ప్యాడ్ (అంకెల మీటల పలక) 130. మొత్తం 1,890. అంతకుముందు వాడిన యంత్రం 1,750 గ్రాములున్నా, నంబర్ ప్యాడ్, నెట్ పోర్టు అందులోనే ఉండేవి కనుక, 350 గ్రాముల ఛార్జరూ అదే మౌసూ కలిపి 2,190 దగ్గర ఆగేది. కాగితం మీద 470 గ్రాముల లాభం సంచిలోకి వచ్చేసరికి 300 అయింది. షావుకారుగారు "తరుగు బాగానే పోయింది బాబూ" అని నవ్వారు.

కాబట్టి కొనేముందు చేయవలసిన మొదటి పని, మీ పనిదినంలో ల్యాప్‌టాప్‌కు ఏమేమి తగిలిస్తారో ఒక కాగితం మీద రాసుకోవడం. కంపెనీల రిటర్నులు దాఖలు చేసేవారికి పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకపు టోకెన్ ఉంటుంది. అది చాలావరకు పాత వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రంలోనే దూరుతుంది. బాగా పల్చని మోడళ్లలో కొన్నింటికి టైప్‌-సీ రంధ్రాలు రెండే ఉంటాయి. ఒకటి ఛార్జర్‌కు పోతే రెండోదానికి డాంగిల్, దానికి టోకెన్ తగిలించి, బల్ల కదిలితే సంతకం మధ్యలో ఆగిపోతుందేమోనని ఊపిరి బిగపట్టి కూర్చోవాలి. వెడల్పు యూఎస్‌బీ కనీసం ఒక్కటైనా లేని యంత్రాన్ని, అది ఎంత తేలికైనా, ఈ పని చేసేవారు కొనకూడదని నా అభిప్రాయం.

నంబర్ ప్యాడ్ సంగతి ఇంకా ముఖ్యం. 14 అంగుళాల యంత్రాల్లో అది సాధారణంగా ఉండదు. ట్యాలీ అనే లెక్కల ప్రోగ్రాములో రోజుకు 200 వోచర్లు ఎక్కించే మనిషి పై వరుసలోని అంకెలతో ఎంత వెనకబడతాడో, దుకాణంలో ఉత్తరాలు టైపు చేసి చూస్తే తెలియదు. ఒక పాత కొనుగోలు బిల్లు వెంట తీసుకెళ్లి, 15 అక్షరాల జీఎస్‌టీ నంబర్లు పది వరసగా కొట్టి చూడాలి. 16 అంగుళాల తెరతో, నంబర్ ప్యాడ్‌తో, 1.2 కిలోల బరువుకే వచ్చిన ఎల్‌జీ గ్రామ్ వంటివి ఉన్నాయి గాని, అంత వెడల్పు యంత్రాన్ని బస్సు సీటులో ఒళ్లో తెరవడం కష్టం. అంకెల పని ఎక్కువగా ఇంటి దగ్గరే జరిగేవారు 14 అంగుళాలది కొని, విడి ప్యాడ్‌ను ఇంట్లోనే ఉంచుకోవచ్చు. నాకు ఆ సౌకర్యం లేదు.

తేలిక యంత్రానికున్న అసలు బలం బ్యాటరీ. ప్రకటనలో రాసిన గంటలను పక్కనపెట్టి వాట్-అవర్ల అంకె, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పేది, అడగండి. ఈ తరగతిలో అది తరచు 50 నుంచి 60 మధ్య ఉంటుంది. రాతపని, బ్రౌజర్, ఓ మోస్తరు వెలుతురులో యంత్రం సగటున 8 వాట్లు తాగుతుందనుకుంటే, 57 వాట్-అవర్ల బ్యాటరీ సుమారు 7 గంటలు నిలుస్తుంది. వీడియో సమావేశంలో కూర్చుంటే అందులో సగమే మిగలవచ్చు. వానాకాలంలో మునిగుడ వైపు కరెంటు పోతే తిరిగి ఎప్పుడొస్తుందో చెప్పలేం కనుక, ఈ లెక్క మనకు ముఖ్యం. 65 వాట్ల టైప్‌-సీ ఛార్జర్‌తో ఎక్కే యంత్రమైతే అదే ఛార్జర్ ఫోనుకూ పనికివస్తుంది, మరచిపోయి వచ్చినా ఎవరో ఒకరి దగ్గర అరువు దొరుకుతుంది. కాని చాలా మోడళ్లలో ఆ రంధ్రం మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. అది వదులైతే బోర్డునే విప్పాలి.

పల్చదనం వల్ల వచ్చే నష్టం వేడి దగ్గర బయటపడుతుంది. ఈ యంత్రాల్లో ఎక్కువగా 15 వాట్ల తరగతి ప్రాసెసర్లు వాడతారు. పని పెరిగినప్పుడు కాసేపు చురుగ్గా పరుగెత్తి, చిన్న ఫ్యాను వేడిని బయటకు నెట్టలేని స్థితి రాగానే అవి వేగం తగ్గించుకుంటాయి. వాడకానికి 35 డిగ్రీల వరకే తగినదని చాలా కంపెనీల పత్రాల్లో రాసి ఉంటుంది. వైశాఖంలో మన గదుల మాట వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల మీ దగ్గరున్న అతిపెద్ద ఎక్సెల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ఛార్జర్ తీసేసి, ఏసీ గదిలోనే అయినా అరగంట పనిచేయించి చూడండి. మొదటి ఐదు నిమిషాల వేగానికీ చివరి ఐదు నిమిషాల వేగానికీ తేడా ఎంతన్నది గమనించాలి.

ఫోన్లలో వాడే ఆర్మ్ రకం ప్రాసెసర్లతో 2024 నుంచి వస్తున్న స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ విషయంలో ఆశ పెడతాయి. పాత ప్రోగ్రాములు వాటిలో అనువాద పద్ధతిలో నడుస్తాయి గాని, విడి పరికరాలను నడిపించే డ్రైవర్లు మాత్రం ఆర్మ్ కోసమే రాసినవై ఉండాలి. మీ టోకెన్‌కూ, ప్రింటర్‌కూ, వేలిముద్రల యంత్రానికీ అటువంటి డ్రైవర్ ఉందని రూఢి కాకుండా వాటి జోలికి పోవద్దు. భాషల విషయంలో చిక్కు తక్కువే. విండోస్‌లో తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ ఉన్నాయి, దానితో వచ్చే నిర్మలా ఫాంటు అక్షరాలు రెండు లిపులకూ సరిపోతాయి. ఆకృతి, అను వంటి పాత ఫాంట్లతో ఇంకా పని ఉన్నవారు మాత్రం వాటిని ముందే ఎక్కించి చూసుకోవాలి.

ర్యామ్‌ను ఈ యంత్రాల్లో తరచు బోర్డుకే టంకం వేస్తారు. 2021లో నేను 8 జీబీ చాలనుకుని కొన్నాను; తరువాత పెంచుకోవచ్చని దుకాణంలో చెప్పిన మాట నమ్మడం నా తప్పు. ఇప్పుడు కొనేవారు 16 జీబీకి తగ్గకూడదు. స్టోరేజీని చాలావాటిలో మార్చుకోవచ్చు కనుక డబ్బు చాలకపోతే అక్కడ తగ్గించండి.

వాడినవి కొనేవారికి రెండు జాగ్రత్తలు చాలు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పైవే విండోస్ 11కు అర్హమైనవి. బ్యాటరీ రిపోర్టు తీయించి, తయారీనాటి సామర్థ్యంలో ఇప్పుడెంత మిగిలిందో చూడాలి.

వారంటీ పత్రంలో ఇంటికే వచ్చి బాగుచేస్తామని ఉన్నా, ఆ హామీ మన ఊరికి వర్తిస్తుందో లేదో పిన్‌కోడ్ చెప్పి కస్టమర్ కేర్‌ను అడగాలి. రాయగడ వాళ్లకు 765001. లేదంటే మీటొకటి ఊడినా బరంపురమో విశాఖపట్నమో మోసుకుపోవాలి.

విశాఖలో కొనే జీఎస్‌టీ వ్యాపారులకు బిల్లు దగ్గరొక చిక్కుంది. ల్యాప్‌టాప్‌ మీద పన్ను 18 శాతం. పన్నుతో కలిపి 60,000 రూపాయల ధరలో అది సుమారు 9,152. కౌంటరు దగ్గర మామూలుగా రాసే బిల్లులో, రాష్ట్రం లోపలి అమ్మకాలకు వేసే ఆంధ్ర సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ పడితే, ఒడిశా రిజిస్ట్రేషన్ ఉన్నవారికి ఆ పన్నును తాము కట్టవలసినదాంట్లో తగ్గించుకునే క్రెడిట్ రాదు, జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే 2బీ పట్టికలో అనర్హమైనవాటి వైపు చేరుతుంది. సరుకును ఒడిశా చిరునామాకు పంపేటట్టు ముందే మాట్లాడుకుని, రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్‌టీతో రాయించుకోవాలి. బిల్లు మీద మీ జీఎస్‌టీ నంబరు ఒడిశా సంకేతమైన 21తో మొదలైందా, పన్ను గడిలో ఐజీఎస్‌టీ అనే పడిందా అన్నది దుకాణం మెట్లు దిగకముందే చూసుకోండి. లేదంటే దిద్దించుకోవడానికి మళ్లీ విశాఖ రైలెక్కవలసి వస్తుంది.