‘టీమ్’ అనే మాట మూలాన్ని వెదకడం ఎలా?

‘టీమ్’ పుట్టుక తెలుసుకోదలచినవారు ముందుగా సరైన నిఘంటువును ఎంచుకోవాలి. చాలా నిఘంటువులు నేటి వాడుకలోని అర్థాన్నే మొదట చెబుతాయి. 1884లో తొలి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మాత్రం అన్నిటికంటె పాత అర్థంతో మొదలుపెట్టి, ప్రతి అర్థానికీ ఏయే కాలంలో ఎవరు ఎలా వాడారో ఉదాహరిస్తుంది. అందువల్ల అర్థాలను పైనుంచి వరుసగా చదవాలి.

అలా చదివితే ఆటగాళ్లు చాలా ఆలస్యంగా కనిపిస్తారు. ప్రాచీన ఇంగ్లీషులో ఈ మాటకు సంతానం, వంశం అని అర్థం. బండికో నాగలికో కలిపి కట్టిన పశువులనూ అదే మాటతో పిలిచేవారు. కలిసి పనిచేసే మనుషులకు అది వర్తించింది 16వ శతాబ్దంలోనే. పాత అర్థానికి సాక్ష్యం కావాలంటే ‘టీమ్‌స్టర్’ చూడండి: ఒకప్పుడు పశువుల బండి తోలేవాడని చెప్పిన ఆ మాట, అమెరికాలో ఇప్పుడు లారీ డ్రైవరుకు చెల్లుతోంది.

తరువాత చేయవలసినది ధ్వనుల పరీక్ష, నా దృష్టిలో అసలు రుచి ఇక్కడే ఉంది. పది అనే సంఖ్య లాటిన్‌లో ‘దెకెమ్’, ఇంగ్లీషులో ‘టెన్’, జర్మన్‌లో ‘త్సేన్’. అంటే లాటిన్ ద-కారం ఉన్నచోట ఇంగ్లీషులో ట-కారం, జర్మన్‌లో త్స-కారం వస్తున్నాయి. ‘టీమ్’ను ఇదే వరుసలో పెడితే, జర్మన్‌లో గుర్రపు కళ్లెమని అర్థమిచ్చే ‘త్సౌమ్’, లాటిన్‌లో నడిపించడమని అర్థమిచ్చే ‘దూకెరె’ దాని బంధువులుగా తేలతాయి. లాగడం, నడిపించడం అనే మూలార్థం దీనితో స్పష్టమవుతుంది. ధ్వనులు ఇలా క్రమం తప్పక సరిపోకుండా, వినడానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన రెండు మాటలకు చుట్టరికం కలపకూడదు.

ఈ మాటలోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ నాలుగు పదాలకు పొడి అక్షరాలని, ‘కలిసి పనిచేస్తే అందరూ ఎక్కువ సాధిస్తారు’ అని వాటి భావమని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. అది తరువాతివారి కల్పన. పొడి అక్షరాలతో మాటలు కట్టడం ఇంగ్లీషులో విరివిగా సాగింది 20వ శతాబ్దంలోనే కనుక, అంతకంటె పాత మాటకు అటువంటి కథ వినిపిస్తే తేదీ చూసి పక్కన పెట్టవచ్చు.

ఇదే పద్ధతిలో వెదికితే, ‘క్రూ’ అనేది తొలుత ఓడ సిబ్బంది కాదని, సైన్యానికి అదనంగా చేర్చిన బలగమని తెలుస్తుంది. ‘స్క్వాడ్’ వెనుక ఉన్నది చతురస్రం.