మన షాపులో మన కొనుగోలు – 3వ పాఠం: బిల్లు అయ్యాక ధర తగ్గితే

పోయిన పాఠంలోని లెక్క ఒకసారి గుర్తు చేసుకుందాం. 2,000 రూపాయల చీర మీద 20 శాతం ఆఫర్, దాని మీద 10 శాతం స్టాఫ్ డిస్కౌంట్ ఉంటే కట్టాల్సింది 1,400 కాదు, 1,440. రెండో తగ్గింపు 1,600 మీదే పడుతుంది.

ఇవాళ్టి విషయం చెన్నై టి.నగర్‌ బట్టల షాపుల్లో పనిచేసే మనవాళ్లకి ఏటా ఎదురయ్యేదే. జులై మధ్యలో తమిళుల ఆడి మాసం మొదలవుతుంది. ఉస్మాన్ రోడ్డు, రంగనాథన్ వీధి అంతా ఆడి తళ్లుబడి, అంటే ఆడి మాసం డిస్కౌంట్ సేల్, బోర్డులే. మీరు జీతం పడగానే ఇంటికి పంపడానికి చీర కొన్నారు, వారం తిరక్కుండా దాని ట్యాగ్ మారింది. ఇప్పుడు ఆ తేడా అడగొచ్చా?

అడగొచ్చు. అమెరికాలో కొన్ని పెద్ద షాపులకి దీనికోసం గడువుతో సహా పాలసీ ఉంటుంది. మన దగ్గర అది అరుదు. మనకున్న దారి ఎక్స్ఛేంజ్ గడువు: ట్యాగ్ తీయని చీరని పాత బిల్లుతో రిటర్న్ చేసి, కొత్త ధరకి మళ్లీ బిల్లు వేయించుకోవడం. డబ్బు బదులు క్రెడిట్ నోట్ (అంత విలువకి అదే షాపులో కొనుక్కునే కాగితం) ఇవ్వొచ్చు. గల్లాపెట్టెలోంచి తేడా తీసి ఇమ్మంటే మేనేజర్ ఒప్పుకోకపోవడం న్యాయమే. ఆ అమ్మకానికి జీఎస్‌టీ లెక్క పడిపోయింది, దాన్ని తగ్గించాలంటే కాగితం ఉండాలి.

అసలు తడబడేది తేడా ఎంతో లెక్క కట్టే దగ్గర. 2,000 చీరని స్టాఫ్ డిస్కౌంట్‌తో 1,800కి కొన్నారనుకోండి. సేల్‌లో 15 శాతం తగ్గి 1,700 అయింది. చాలామంది 300 వస్తుందనుకుంటారు. కానీ మీరు కట్టింది 1,800. సేల్ సరుకుకి స్టాఫ్ డిస్కౌంట్ లేని షాపైతే వచ్చేది 100 మాత్రమే. రెండూ కలిపి ఇచ్చే షాపైతే కొత్త ధర 1,530, వచ్చేది 270. అందుకే కొనేముందే సూపర్‌వైజర్ని రెండు మాటలు అడగండి: ఆఫర్ వస్తే రీబిల్ చేస్తారా, ఆఫర్ మీద స్టాఫ్ డిస్కౌంట్ ఉంటుందా?

ఇక ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. బిల్లింగ్ కంప్యూటర్లో మీ లాగిన్‌తో మీ బిల్లు గానీ, మీ రిటర్న్ గానీ కొట్టకండి. ఎంత నిజాయితీగా చేసినా ఆడిట్‌లో అనుమానం మీ మీదికే వస్తుంది. ఇంకో క్యాషియర్ కొట్టాలి, సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి, బిల్లు కాపీ మీ దగ్గర ఉండాలి. రేపు ధర తగ్గుతుందని మనకి ఇవాళే తెలుస్తుంది. అలాగని మంచి పీసుని ర్యాక్ వెనక దాచిపెట్టడం తప్పు. తిరుత్తణి నుంచో సూళ్లూరుపేట నుంచో పొద్దున్నే రైలెక్కి వచ్చే మనిషికి దొరకాల్సిన చీర అది. సేల్ మొదలయ్యాక, డ్యూటీ దిగాక, వాళ్లతో పాటు వరుసలో నిలబడి కొనండి.

అభ్యాసం: 3,000 డ్రెస్‌ని 10 శాతం స్టాఫ్ డిస్కౌంట్‌తో కొన్నారు. తర్వాత 25 శాతం సేల్ వచ్చింది, సేల్ మీద స్టాఫ్ డిస్కౌంట్ లేదు. రీబిల్ చేస్తే ఎంత వస్తుంది? (జవాబు: 450)

వచ్చే పాఠం 2,500 గీత గురించి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ దుస్తుల్లో ఒక్కో పీసు ధర 2,500 దాకా ఉంటే జీఎస్‌టీ 5 శాతం, దాటితే 18 శాతం. డిస్కౌంట్ ఆ గీత కిందికి దింపితే బిల్లు ఎలా మారుతుందో చూద్దాం. మీ పాత బిల్లు ఒకటి దగ్గర పెట్టుకోండి.