ఆంగ్ల మాధ్యమంలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు తరగతి గదిలో తోడ్పడడం ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23లో 1 నుంచి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం మొదలైంది. అయితే, ఇంట్లో ఇంగ్లీషు వినిపించని పిల్లలు ప్రశ్న అడిగినప్పుడు తల వంచుకుంటే, వారికి పాఠమే రాలేదని మనం తొందరపడి తేల్చేస్తున్నాం. చాలాసార్లు వారికి విషయం తెలిసే ఉంటుంది, దాన్ని చెప్పడానికి మాటలే ఉండవు. ఈ రెండింటినీ వేరుచేసి చూడడం ఎలాగో నీరు ఆవిరయ్యే పాఠాన్ని తీసుకుని చూద్దాం.

1. ముందు విషయాన్ని తెలుగులో మాట్లాడించండి.
దండెం మీద ఆరేసిన బట్టల్లోని నీరు ఎక్కడికి పోయిందని అడగండి. చినగంజాం, నౌపడ వైపు పిల్లలైతే ఉప్పు మడుల సంగతి మీకంటే బాగా చెప్పగలరు. ఈ పది నిమిషాలూ వృథా కావు, ఎందుకంటే అర్థమైన విషయానికి కొత్త మాట అతుక్కున్నంత తేలికగా అర్థం కాని విషయానికి అతుక్కోదు. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు తెలుగే రెండో భాష కావచ్చు కాబట్టి, ఆ భాష తెలిసిన తోటి విద్యార్థిని పక్కన కూర్చోబెట్టండి.

2. పాఠానికి నాలుగైదు మాటలే ఎంచుకోండి.
వాటర్, హీట్, వేపర్, ఇవాపరేషన్ చాలు. వీటిని నల్లబల్లపై రాసి, పక్కన బొమ్మ వేసి, పాఠం ముగిసేదాకా చెరపకుండా ఉంచండి. ఇవాపరేషన్ అన్న పొడవైన మాటలో వేపర్ దాగి ఉందని, అందులోని ‘యు’ అక్షరం మాత్రం ఇక్కడ లేదని చూపితే, స్పెల్లింగును బట్టీ పట్టే అవసరం తగ్గుతుంది. ఉచ్చారణకూ ఇక్కడే అవకాశం ఉంది. వాటర్, వేపర్ రెండింటినీ మనం ‘వ’తోనే రాస్తాం గానీ, మొదటిదానికి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, రెండోదానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి. మీరే నెమ్మదిగా పలికి చూపించండి.

3. వాక్యానికి చట్రం ఇవ్వండి.
“వెన్ వాటర్ గెట్స్ హీట్, ఇట్ బికమ్స్ ...” అని సగం రాసి, ఖాళీని పిల్లలనే నింపమనండి. ముందు అందరూ కలిసి, తర్వాత ఇద్దరిద్దరుగా, ఆ పైన ఒక్కొక్కరుగా చెప్పించండి. ప్రశ్న అడిగాక మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపైనా ఆగండి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి తెచ్చుకోవడానికి ఆ వ్యవధి అవసరం.

4. తప్పును సరైన మాటతో తిరిగి వినిపించండి.
ఈ మెట్టు దగ్గర కొంత ఎక్కువ ఓర్పు కావాలి. ఒక అమ్మాయి “వాటర్ వేపర్ బికమింగ్” అంటే, అది అజాగ్రత్త కాదు. “నీరు ఆవిరి అవుతోంది” అనే తెలుగు వాక్యంలో క్రియ చివర ఉన్నట్టే, ఆమె ఇంగ్లీషులోనూ చివరే పెట్టింది. “ఎస్, వాటర్ బికమ్స్ వేపర్” అని మెచ్చుకోలుగా అని, ఆమె చేత ఒకసారి అనిపించి ముందుకు సాగండి. ఒక పాఠంలో ఒక్క రకం తప్పుపైనే దృష్టి పెట్టండి. నలుగురిలో నవ్వులపాలైన పిల్ల మళ్లీ చెయ్యెత్తడానికి నెలలు పట్టవచ్చు, ఆ నష్టాన్ని ఏ వ్యాకరణ పాఠమూ పూడ్చలేదు.

5. విషయాన్నీ భాషనూ విడివిడిగా పరీక్షించండి.
విజ్ఞానశాస్త్రంలో బొమ్మ గీసి పేర్లు రాసినా, నోటితో తెలుగులో వివరించినా మొదటి నెలల్లో అంగీకరించి, వాక్య నిర్మాణాన్ని ఇంగ్లీషు పీరియడులో చూడండి.

6. తల్లిదండ్రులతో మాట్లాడండి.
ఇంట్లో రాని ఇంగ్లీషు మాట్లాడమని వారిని ఒత్తిడి చేయవద్దు. ఈ రోజు బడిలో ఏం చెప్పారో పిల్లల్ని తెలుగులోనే అడిగి, పుస్తకంలోని తెలుగు పుటను చదివించుకుని వినమనండి. మర్నాడు అదే పాఠం ఇంగ్లీషు పుటను తరగతిలో తెరవండి.