శబ్దం అణిగేదాకా మనిషి అక్కడే ఉండేలా ఒక పలక చేయడం ఎలా

తడితే మోగే పరికరం ఎవరైనా చేసేస్తారు. మోగాక చెయ్యి ఆపి, చెవి అటు పెట్టి, ఆ శబ్దం పూర్తిగా పోయేదాకా మనిషి దానితోనే ఉండేలా చేయడం కష్టం. అందుకే నేను శబ్దం ఎలా అణగాలో ముందు తేల్చుకుని, మిగతా పని తర్వాత మొదలుపెడతాను.

పల్చటి చెక్క పలక అడుగున 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల (తట్టిన అదురును వోల్టేజ్‌గా మార్చేది) అతికించండి. గట్టిగా అతకాలి, ఎక్కడైనా వదులుగా ఉంటే వేలితో మెల్లగా తట్టింది దానికి అందదు, మనకు కావలసింది ఆ మెల్లటి తట్టే. బిళ్ల రెండు తీగల మధ్య 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టి, మైక్రోకంట్రోలర్ బోర్డులో (పరికరాన్ని నడిపే చిన్న కంప్యూటర్) వోల్టేజ్ హెచ్చుతగ్గులు చదివే అనలాగ్ పిన్‌కి కలపండి. గట్టిగా కొడితే పీజో నుంచి వోల్టేజ్ ఒక్కసారిగా ఎగుస్తుంది, కాబట్టి పిన్‌కి ముందు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 3.3 వోల్టుల జెనర్ డయోడ్ (అంతకు మించిన వోల్టేజ్‌ని పిన్‌కి చేరనివ్వనిది) తప్పనిసరి.

ఆ బోర్డుగా టీన్సీ (Teensy) వాడండి. దాని ఆడియో లైబ్రరీ శబ్దాన్ని 128 శాంపిళ్ల చొప్పున, అంటే ఒక్కొక్కటి 3 మిల్లీసెకన్లలోపు ఉండే ముక్కలుగా అందిస్తుంది, కాబట్టి ఆలస్యం కొన్ని మిల్లీసెకన్లే. వేలు తగలడానికీ శబ్దం రావడానికీ మధ్య ఎడం తెలిసిందంటే పలక మోగినట్టు అనిపించదు, ఎక్కడో స్విచ్ నొక్కినట్టు ఉంటుంది. తట్టిన బలాన్ని బట్టి శబ్దం స్థాయి మారాలి. చిన్న స్పీకర్ అయితే 300 నుంచి 800 హెర్ట్జ్ మధ్య స్వరం తీసుకోండి, మరీ కింది స్వరాలు అందులో పలకవు.

ఇక అణగడం. వాల్యూమ్‌ని సమానమైన మెట్లలో తగ్గిస్తే చాలాసేపు ఏమీ తగ్గనట్టే ఉండి, చివర్లో టక్కున తెగిపోతుంది, ఎందుకంటే చెవి శబ్దాన్ని నిష్పత్తుల్లో వింటుంది. ప్రతి క్షణం ఉన్నదాంట్లో అంతే వంతు తగ్గేలా కోడ్ రాయండి, మొత్తం 10 సెకన్లు పట్టనివ్వండి. ఆఖరి రెండు మూడు సెకన్లలో వినేవాళ్ల మెడ కొంచెం ముందుకు వంగుతుంది. నాకు ఈ పని మీద ఇష్టమంతా ఆ వంగడంలోనే ఉంది.

లైట్లు, స్క్రీన్, లెక్కలు ఏవీ వద్దు. మొదటిసారి నేను చిన్న లైట్ ఒకటి పెట్టాను, అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు, తీసేశాక గానీ వినలేదు.

పరికరం ఉండబోయే గదిలోనే పరీక్షించండి, ఫ్యాన్ చప్పుడు కూడా శబ్దం తోకను, అంటే చివర్లో సన్నగా మిగిలేదాన్ని, మింగేస్తుంది. ఏమీ చెప్పకుండా ఒకరి ముందు పెట్టి, రెండోసారి ఎప్పుడు తట్టారో చూడండి. శబ్దం పోయాక తడితే సరిగ్గా కుదిరినట్టు. వరసగా తట్టేస్తుంటే మొదటి దెబ్బ శబ్దం తగ్గించి, తోక ఇంకాస్త పొడిగించి, ఇంకొకరి ముందు పెట్టండి.