పాత ఇల్లు, కొత్త నియమాలు – 4వ పాఠం: ఆర్‌సీసీబీ నిలవడం లేదా?

గత పాఠం చదివి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించినవాళ్లలో చాలామందికి అది నిలవలేదు. కొందరిళ్లలో ఎత్తిన వెంటనే పడుతోంది, కొందరికి రాత్రి మెట్ల లైటు వేస్తేనే పడుతోంది. పీసు బాగాలేదని హైదరాబాద్‌లో కరెంటు సామాన్లు అమ్మే ట్రూప్ బజార్‌కి తిరిగి మోసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. పీసు మంచిదే. తప్పు ఏళ్ల తరబడి గోడలో ఉంది, ఇప్పుడు బయటపడింది. కాబట్టి ఎర్త్ గుంత సంగతి వచ్చే పాఠానికి వాయిదా.

కరెంటు భద్రతకు 1956 నాటి రూల్స్ పోయి 2010 నిబంధనలు, అవీ పోయి 2023వి వచ్చాయి. చిక్కడపల్లి, నల్లకుంట వైపు పాత ఇళ్లకు మొదట్లో ఫ్యూజు క్యారియరే దిక్కు. దానికి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ కంటికి ఆనదు. ఆర్‌సీసీబీ మాత్రం ఫేజులో వెళ్లిందంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అనే చూస్తుంది. 30 అని రాసి ఉన్నా 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు.

మెట్ల లైటు సంగతి తేలికే. ఫేజు కింది పోర్షన్‌ది, న్యూట్రల్ పై పోర్షన్‌ది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బే దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. కింది ఆర్‌సీసీబీకి అది తిరిగి రాలేదు, పైదానికి ఎక్కణ్ణుంచో ఊడిపడింది. ఏది ముందు పడుతుందన్నదే తేడా. రెండు వైర్లూ ఒకే మీటరు నుంచి తీసుకోండి.

అసలు దొంగ వేరే. నీళ్ల పైపు నుంచి ఎర్తు తీసుకున్న ఇళ్లలో జీఐ (ఇనుప) పైపులు పీకి సీపీవీసీ (ప్లాస్టిక్) వేసిన రోజే ఎర్తు పోయింది. వాషింగ్ మెషీన్ జిల్లుమంటోందని పిలిస్తే, వచ్చినవాడు సాకెట్ వెనక రెండంగుళాల నల్ల వైరు ముక్కతో న్యూట్రల్‌ని పై పెద్ద ఎర్తు పిన్నుకి కలిపేసి వెళ్లాడు. జిల్లుమనడం ఆగింది, డబ్బులు ముట్టాయి. ఇది రిపేరు కాదు, ఉరి. ఎందుకంటే ఆ ముక్కతో మెషీన్ బాడీ న్యూట్రల్‌కి అంటుకుంది. రేపు న్యూట్రల్ ఎక్కడో తెగితే, ఫేజు మోటారు గుండా వచ్చి బాడీ మీద 230 వోల్టులై కూర్చుంటుంది. మెషీన్ తిరగదు కాబట్టి కరెంటు లేదనుకుని తడి చేత్తో ముట్టుకుంటారు. మీటరు దగ్గరే తెగిందనుకోండి, ముక్క ఉన్న ప్రతి సాకెట్‌దీ ఇదే గతి. ఆ సాకెట్‌కి ఎర్తు వైరు కూడా చేరి ఉంటే, న్యూట్రల్‌లో తిరిగి రావాల్సిన కరెంటులో కొంత ఎర్తులోకి మళ్లుతుంది, ఆర్‌సీసీబీ పడేది అందుకే.

పట్టుకునే పద్ధతి: డీబీ (ఎంసీబీలు, ఆర్‌సీసీబీ ఉండే పెట్టె) లోపలి పని లైసెన్సున్న కాంట్రాక్టరు చేతే చేయించాలి, బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడానికి మాత్రం మినహాయింపు ఉంది. మీరు పక్కన నిలబడి చేయించండి. ప్లగ్గులన్నీ పీకాలి. మెయిన్, ఇన్వర్టరు, ఆర్‌సీసీబీ మూడూ ఆపాలి. ఇన్వర్టరు మర్చిపోతే పాఠం అక్కడితో సరి. ఆర్‌సీసీబీ మీట కిందికి దించి (ఆఫ్‌లో) ఉంటేనే ఇంటి న్యూట్రల్ విడిపోతుంది. లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తు కలిసొచ్చి ప్రతి వైరూ దొంగలాగే కనిపిస్తుంది. లింకు (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) నుంచి న్యూట్రల్ వైర్లు విప్పి, నంబరు టేపు చుట్టి, మల్టీమీటరు ఒక ముల్లు ఎర్త్ బార్ మీద, రెండోది ఒక్కో వైరు మీద పెట్టించండి. కొద్ది ఓములే చూపితే అదే. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో కనీసం 1 మెగా ఓము రావాలి.

అయితే ఎర్తు వైరే చేరని సాకెట్‌లో ముక్క ఉంటే మీటరుకీ దొరకదు, ఆర్‌సీసీబీ కూడా పడదు. విప్పి చూడాల్సిందే. ముందు నుంచి చూస్తే ఎడమ రంధ్రం న్యూట్రల్, కుడిది ఫేజు.

ముక్క తీసేసి అసలు ఎర్తు లాగండి, ఫేజు వైరు ఎంత మందమో అంతే మందం. కండ్యూట్‌లో (గోడలోని వైరు గొట్టంలో) చోటు లేకపోతే గోడ మీద కేసింగ్ పట్టీ వేయండి, అందం తర్వాత. నాకైతే ఇంటికంతా ఒక ఆర్‌సీసీబీ కన్నా సర్క్యూట్‌కో ఆర్‌సీబీఓ (లీకేజీకీ, ఓవర్‌లోడుకీ రెండింటికీ పడే స్విచ్చి) ఇష్టం, ఖర్చయినా దొంగ ఏ గదిలో ఉన్నాడో అదే చెబుతుంది.

రంగు నమ్మకండి. పాత త్రీ ఫేజు ఇంట్లో నీలం ఫేజు, నలుపు న్యూట్రల్. కొత్త మిక్సీ తీగలో నీలమే న్యూట్రల్.

అభ్యాసం: ఇంట్లో ప్రతి త్రీపిన్ సాకెట్‌నీ విప్పించి చూసి ఒక పట్టిక రాయండి: ఏ ఎంసీబీ (ఓవర్‌లోడుకి పడే స్విచ్చి), ఏ నంబరు న్యూట్రల్, ఎర్తు ఉందా, ముక్క ఉందా, వైరు మందం ఎంత. 3/20 (20 గేజీ తీగలు మూడు) అని ఉంటే దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లు, గీజరుకు చాలదు, 4 కావాలి. ఒక ఆదివారం పూర్తిగా పడుతుంది. 5వ పాఠంలో ఎర్త్ గుంత లెక్క ఈ పట్టిక మీదే నడుస్తుంది.